అమ్మాయి ఒపెరా పాట నేర్చుకుంటానంటే

(కాటన్‌పేటలో జరిగిన మన సమాఖ్య వార్షికోత్సవ సభలో విద్యా ఉపసంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక మీద మా ఉపసంఘం ఎంతమందికి ఫీజులు కట్టాం, ఎవరికి ఏ సీటు వచ్చింది అని చదివి కూర్చుంటుంది. ఆ లెక్కలు ఈ సంచికలోనే వేరే పేజీలో వేశాం, అక్కడ చూసుకోండి. ఈసారి మాకిచ్చిన సమయమంతా ఒకే విషయానికి వాడుకుంటాం. ఎందుకంటే ఈ ఏడాది వచ్చిన దరఖాస్తుల్లో ఒకటి మమ్మల్ని మూడు సమావేశాలు కూర్చోబెట్టింది.

మరమగ్గాలు నడుపుకునే ఇంటి అమ్మాయి. పీయూసీ అయింది. ఫారంలో 'కోర్సు పేరు' అన్న గడిలో 'పాశ్చాత్య శాస్త్రీయ గానం, ఒపెరా' అని రాసింది. పేరు చెప్పం. మాలో ఒకాయన, "ఒపెరా అంటే కంప్యూటర్లో బ్రౌజర్ కదా, దానికి కూడా కోర్సుందా?" అన్నారు. నవ్వుకున్నాం గానీ, నిజానికి మాలో ఎవరికీ దాని గురించి తెలిసింది అంతంత మాత్రమే. తెలియని దానికి డబ్బు ఇవ్వడమూ తప్పే, తెలియదని కొట్టిపారేయడమూ తప్పే. అందుకని అడిగి, చదివి, విని తెలుసుకున్నాం. అదే మీ ముందు పెడుతున్నాం. రేపు మీ ఇంట్లో కూడా ఒక పిల్లో పిల్లాడో ఇదే మాట అడగొచ్చు.

ఒపెరా అంటే పాటలున్న నాటకం అని సరిపెట్టుకోకండి. నాటకమంతా పాటే. రాజు కోపం పాటే, దాసి చాడీ పాటే. మనకది కొత్త కాదు. యక్షగానం ఏమిటి మరి? పదహారో శతాబ్దంలోనే కందుకూరి రుద్రకవి 'సుగ్రీవ విజయం' రాశాడు. ఇటలీలో ఈ కళ పుట్టింది కూడా కాస్త అటూ ఇటూగా ఆ రోజుల్లోనే. 1600లో ఫ్లోరెన్సులో ఒక రాజకుటుంబం పెళ్లికి 'యూరిడీచే' అనే ఒపెరా ఆడారు. టికెట్టు కొన్నవాళ్లెవరైనా చూడగలిగే మొదటి ఒపెరా హాలు 1637లో వెనిస్‌లో తెరిచారు. సరిగ్గా ఆ కాలంలో తంజావూరులో విజయరాఘవ నాయకుడి కొలువులో తెలుగు యక్షగానాలు ఆడుతున్నారు. అక్కడా ఇక్కడా ఒకే ఆలోచన. తర్వాత దారులు వేరయ్యాయి, అంతే.

మన పేట సంగతే చూడండి. ఇక్కడి బిన్నీ మిల్లుగా పేరుపడ్డ బెంగళూరు ఉన్ని, నూలు, పట్టు మిల్లు కంపెనీ పెట్టింది 1884లో. గుబ్బి నాటక కంపెనీ మొదలైంది కూడా 1884లోనే. మరుసటి ఏడు, 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో సురభి నాటకాలు మొదలయ్యాయి. ఆ నాటకాల రోజుల్లో పాడలేనివాడికి వేషం దొరకడం కష్టం. మైకు లేదు. చివరి వరసలో నేల మీద కూర్చున్నవాడికి పద్యం అందాలి. డాక్టర్ రాజ్‌కుమార్ గుబ్బి కంపెనీలో పని చేస్తూ పెరిగినవారే, ఆయన గొంతుకి ఆ పునాది ఎలాంటిదో మన కన్నడ నాడులో ఎవరికీ చెప్పక్కర్లేదు. కాబట్టి పాడుతూ నటించి పొట్ట పోసుకోవడం మన చుట్టుపక్కల ఎన్నడూ లేని పని అని ఎవరూ అనొద్దు.

నేత ఇంటివాళ్లకి పాటెందుకు అనే మాట కూడా సమావేశంలో వచ్చింది. దానికి జవాబు వాలాజాపేట వేంకటరమణ భాగవతార్. 1781లో పుట్టారు. సౌరాష్ట్రులు, అంటే పట్టునూలువారు, పట్టు నేసే కులం. తంజావూరు దగ్గర అయ్యంపేటలో ఉంటూ తిరువయ్యారు వెళ్లి త్యాగరాజస్వామి దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. నేర్చుకుని ఊరుకోలేదు, గురువుగారి కీర్తనలు రాసిపెట్టారు. 'ప్రహ్లాద భక్తి విజయం' లాంటి గేయనాటకం, ఇంగ్లీషు వాళ్లు దాన్నీ ఒపెరా అనే అంటారు, మనదాకా రావడంలో ఆ వాలాజాపేట రాతప్రతుల పాత్ర చాలా పెద్దది. అవి మదురై సౌరాష్ట్ర సభలో ఉన్నాయి. ఆయన శిష్యుడు సదాశివరావుగారు మైసూరు ఆస్థానానికి వచ్చారు, వీణ శేషన్నగారి లాంటి వాళ్లు ఆయన దగ్గర పాట నేర్చుకున్నారు. అంటే మన మైసూరు సంగీతంలోకి వచ్చిన ఒక పోగు పట్టునూలువారి ఇంటి నుంచి వచ్చిందన్న మాట. ఈ సంగతి మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో లేకపోతే మనమే చెప్పుకోవాలి.

సరే, అసలు పనిలోకి వద్దాం. ఈ అమ్మాయి ఎనిమిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. "అంత వచ్చాక ఇదెంత?" అని వాళ్ల నాన్నగారు అడిగారు. మంచి ప్రశ్న. మేము ఇద్దరు ముగ్గురు సంగీతం టీచర్లను అడిగితే తెలిసిందేమిటంటే, తాళజ్ఞానం, చెవి, జ్ఞాపకశక్తి, కూర్చుని సాధన చేసే ఓపిక, ఇవన్నీ పనికొస్తాయి. గొంతు వాడే తీరు మాత్రం దాదాపు మొదటి నుంచి నేర్చుకోవాలి.

కర్ణాటక కచేరీలో శ్రుతి మనది. ఒకరు ఒకటో కట్టలో పాడతారు, ఒకరు ఐదున్నరలో. ఎవరి గొంతుకి ఏది కుదిరితే అది. ఒపెరాలో శ్రుతి రాసినవాడిది. వంద, రెండు వందల ఏళ్ల కింద ఆయన ఏ స్వరం ఏ ఎత్తులో రాశాడో అక్కడే పాడాలి, మామూలుగా మార్చుకోవడానికి ఉండదు. అందుకే అక్కడ ముందు గొంతు జాతి చూస్తారు. ఆడవాళ్లలో పై స్థాయిది సొప్రానో, దాని కింద మెజో. మగవాళ్లలో టెనర్, బారిటోన్, బాస్. ఏ గొంతుకి ఏ పాత్రలు కుదురుతాయో దాన్ని బట్టే నడుస్తుంది. నూరో నంబరు నూలుతో దుప్పటి నెయ్యం కదా.

రెండోది మైకు. అరవై, డెబ్బై వాద్యాలు ముందు మోగుతుంటే, వాటి మీదుగా మైకు లేకుండా గొంతు వినపడాలి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా హాల్లో సుమారు 3,800 సీట్లు. అరిస్తే వినపడదు, అరిస్తే గొంతు పోతుంది. మరి ఎలా? దీని మీద శాస్త్రవేత్తలు కొలతలు తీశారు. వాద్యబృందం శబ్దం కింది స్థాయిలో చిక్కగా ఉంటుంది, 3,000 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి బాగా పలచబడుతుంది. శిక్షణ పొందిన గొంతు, ముఖ్యంగా మగ గొంతు, సరిగ్గా ఆ పలచని చోట బలంగా మోగుతుంది. చిక్కటి పడుగులో ఒక్క జరీ పోగు మెరిసినట్టు. దానికి ఊపిరి పట్టే తీరు, దవడ వదిలే తీరు, నాలుక, అంగిలి, అన్నీ పదే పదే సరిచేసుకోవాలి. ఆసు పోయడం పుస్తకం చూసి ఎవరికీ రాదు, పక్కన ఒకరు నిలబడి చెయ్యి పట్టి చూపాలి. ఇదీ అంతే. యూట్యూబ్ చూసి నేర్చుకుంటానంటే ఒప్పుకోకండి. తప్పుగా బలవంతపెట్టిన గొంతు మీద కాయలు కాసినట్టు బొడిపెలు వస్తాయి, అవి మానడానికి నెలలు పడుతుంది.

మూడోది భాష. ఇటాలియన్, జర్మన్, ఫ్రెంచ్ మూడింట్లోనూ అర్థం తెలిసి, వాళ్లలా పలుకుతూ పాడాలి. ఇక్కడ మన పిల్లలకి ఒక లాభం ఉందని మాకనిపించింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పక్కింట్లో తమిళమో ఉర్దూనో, బళ్లో ఇంగ్లీషు. కాటన్‌పేటలో పెరిగిన పిల్లకి నోరు తిరగని భాష తక్కువ. పైగా ఇటాలియన్ మాటలు కూడా మన తెలుగు మాటల్లా ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. సంస్కృతంలో ఒపెరా ఉందని ఎంతమందికి తెలుసు? ఫిలిప్ గ్లాస్ అనే అమెరికా సంగీతకర్త గాంధీగారి దక్షిణాఫ్రికా రోజుల మీద 'సత్యాగ్రహ' అని చేశారు, 1980లో రోటర్‌డామ్‌లో మొదట ఆడారు. పాడేదంతా భగవద్గీత సంస్కృతమే. 2018లో లాస్ ఏంజెలస్‌లో అందులో గాంధీ పాత్ర పాడింది శాన్ పణిక్కర్, శ్రీలంక మూలాలున్న అమెరికన్ టెనర్. మన రంగు మనిషి, రాట్నం తిప్పిన మనిషి పాత్రలో, అంత పెద్ద వేదిక మీద.

ఇప్పుడు ఏళ్ల లెక్క. తల్లిదండ్రులు ఇది జాగ్రత్తగా వినాలి. ఇక్కడ ఉండగా ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం అనే లండన్ బోర్డుల గ్రేడు పరీక్షలు రాస్తారు, ఎనిమిది గ్రేడులు. బెంగళూరులోనే రాయొచ్చు. 1987 నుంచి నడుస్తున్న బెంగళూరు స్కూల్ ఆఫ్ మ్యూజిక్ లాంటి చోట్లు మన ఊళ్లోనే ఉన్నాయి. చెన్నైలో ఏ.ఆర్. రెహమాన్‌గారు 2008లో పెట్టిన కేఎం కన్సర్వేటరీలో పాశ్చాత్య గానం నేర్పుతారు. తర్వాత విదేశంలో డిగ్రీ అంటే, ఇంగ్లండులో నాలుగేళ్లు. ఆ పైన మాస్టర్స్ రెండేళ్లు. ఆ పైన ఏదైనా ఒపెరా హాలుకి అనుబంధంగా ఉండే స్టూడియోలో ఏడాదో రెండేళ్లో చిన్న వేషాలు. అంటే పద్దెనిమిదికి మొదలుపెడితే, గట్టిగా సంపాదన మొదలయ్యేసరికి ఇరవై ఆరు, ఇరవై ఏడు. బరువైన పాత్రలకి గొంతు పండేది ముప్పై దాటాకే. తొందరపెట్టి ముందే పాడిస్తే గొంతు చెడుతుంది. పేరున్న పెద్ద పోటీలేమో చాలావరకు ముప్పై రెండేళ్ల లోపువారికే.

ఈ ఏళ్లు ఎక్కడ పడుతున్నాయో గమనించారా? మన ఇళ్లలో ఆడపిల్లకి సంబంధాలు చూసే ఏళ్లలో. సమావేశంలో ఇది పైకి ఎవరూ అనలేదు గానీ అందరి మనసులో ఉన్నది ఇదే. మా మాట ఒకటే. ఈ దారిలో పిల్లని పంపితే మధ్యలో ఇరవై రెండుకి వెనక్కి పిలవకండి. సగం నేసిన చీరని మగ్గం మీద కోసినట్టవుతుంది, అటు చీరా కాదు, ఇటు నూలూ దక్కదు. పిలవాలనుకుంటే ముందే వద్దనండి, అది నయం. పిల్లాడైతే ఈ ప్రశ్న ఎవరూ అడగరు. అది కూడా ఆలోచించండి.

డబ్బు సంగతి. ఇంగ్లండు, అమెరికా ఫీజులు మన ఇళ్లు మోసేవి కావు, స్కాలర్‌షిప్ లేకుండా ఆ వైపు చూడొద్దు. జర్మనీ వేరు. అక్కడి ప్రభుత్వ సంగీత విశ్వవిద్యాలయాల్లో ఎక్కువ చోట్ల విదేశీ విద్యార్థికి కూడా ట్యూషన్ ఫీజు ఉండదు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం యూరోపియన్ యూనియన్ బయటివాళ్లు సెమిస్టరుకి 1,500 యూరోలు కట్టాలి. కానీ ఫీజు లేదు కదా అని ఉబ్బిపోకండి. వీసాకి ఏడాది ఖర్చు ముందే బ్యాంకులో వేసి చూపాలి, 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. వెళ్లే ముందు తాజా అంకె ఎంబసీ వాళ్ల దగ్గర చూసుకోండి. అన్నిటికంటే ముందు, సీటు మార్కులతో రాదు. పాడి వినిపించాలి. పదుల మంది పాడితే నలుగురైదుగురిని తీసుకుంటారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పరీక్ష లేకుండా సీటు ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఈ కుటుంబం దగ్గర అడ్వాన్సు అడిగారు. పేరు ఇక్కడ చెప్పడం లేదు. వాళ్లమ్మ తెలివైనది, ఆ కాగితాలు మా దగ్గరికి తెచ్చింది. పాట వినకుండా సీటిచ్చే సంగీత విశ్వవిద్యాలయం ఏదైనా ఉంటే, అక్కడ చేరకపోవడమే మంచిది.

సంపాదన ఎలా ఉంటుంది? మనకి తేలిగ్గా అర్థమయ్యే విషయమే. సొంతంగా తిరిగి పాడేవాళ్లకి చాలా చోట్ల ప్రదర్శనకి ఇంత అని ఇస్తారు. నాలుగైదు వారాలు రిహార్సల్ చేసి, ఆ రాత్రి జలుబు చేసి పాడలేకపోతే డబ్బు లేదు. చీర కోసి ఇస్తేనే కూలి, మధ్యలో పోగులు తెగిన రోజులు మన ఖాతాలో. అచ్చం అదే. జర్మనీలో ప్రభుత్వ సాయంతో నడిచే ఒపెరా హాళ్లు సుమారు ఎనభై ఉన్నాయి, వాటిలో కొన్నిట నెలజీతం మీద గాయకులను పెట్టుకుంటారు. కోరస్‌లో ఉద్యోగం కూడా నెలజీతమే, బృందంలో పాడటం. మాలో కొందరు దాన్ని చిన్నచూపు చూశారు. మేము ఒప్పుకోం. మాస్టర్ వీవర్ ఒక్కడే కాదు కదా నేతగాడు. కోరస్‌లో ముప్పై ఏళ్లు పాడి పిల్లలని చదివించుకున్నవాళ్లు యూరప్ నిండా ఉంటారు.

మన దేశంలో ఒపెరా మీదే బతకగలరా? లేదు, ఇప్పటికి లేదు. ముంబైలో 1911లో ప్రారంభించిన రాయల్ ఒపెరా హౌస్ ఉంది. ఏళ్ల తరబడి మూతపడి 2016లో మళ్లీ తెరుచుకుంది. తెరిచిన రోజు పాడింది ముంబైలోనే పుట్టిన పాట్రీషియా రొజారియో. ఆవిడ కథ పిల్లలకి చెప్పదగ్గది. లండన్ గిల్డ్‌హాల్ స్కూల్లో చదివారు, జాన్ టావెనర్ అనే సంగీతకర్త ఆమె గొంతు కోసమే ముప్పైకి పైగా రచనలు చేశారు, లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో ప్రొఫెసరయ్యారు. 2009 నుంచి ఏటా ఇండియాకి వచ్చి ఇక్కడి పిల్లలకి నేర్పడం మొదలుపెట్టారు. అంటే ఈ రోజు ఒక పిల్ల మొదలుపెడితే, ఆవిడ తరానికి లేని మెట్లు కొన్ని ఇక్కడే ఉన్నాయి. ఆవిడలా అందరూ కారు, ఆ మాట కూడా నిజమే. కానీ గొంతు నేర్పే టీచరుగా బెంగళూరులో నిలబడొచ్చు. సినిమా పాటలు పాడేవాళ్లు కూడా ఇప్పుడు ఊపిరి పాఠాల కోసం పాశ్చాత్య గానం టీచర్ల దగ్గరికి వెళ్తున్నారు. మాకు ధైర్యం ఇచ్చింది ఇదే. వేదిక దొరక్కపోయినా చేతిలో పని ఉంటుంది.

చివరికి ఏం నిర్ణయించామో చెబుతాం. మొత్తం ఒకేసారి ఇవ్వడం లేదు. మొదటి ఏడాది బెంగళూరులో వారం వారం పాఠానికి, పియానో వాయించేవారికి, గ్రేడు పరీక్షకి, జర్మన్ భాష క్లాసుకి ఇస్తాం. ఏడాది చివర ఆమెకి నేర్పని ఇద్దరు టీచర్లు, మనకి చుట్టరికం లేనివాళ్లు, పాట విని రాసిచ్చింది చూసి రెండో ఏడాది సంగతి. విదేశానికి పైసా కూడా అక్కడి విశ్వవిద్యాలయం పాట విని ఇచ్చిన ఉత్తరం చేతికొచ్చాకే. ఈలోగా ఆమె బీకాం కూడా చదువుతుంది. అది మా షరతు కాదు, ఆమే రాసింది.

అందరూ ఒప్పుకోలేదని కూడా చెప్పాలి. అదే డబ్బుతో ముగ్గురు పిల్లలని నర్సింగులో చేర్చొచ్చు కదా అని మాలో ఇద్దరు వాదించారు, ఇప్పటికీ అదే అంటున్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. ఈ నిధి కరెంటు బిల్లు కట్టలేక మగ్గం ఆపుకున్న ఇళ్ల నుంచి కూడా నెలకి వంద, రెండొందలు పోగై వచ్చింది. అందుకే వాళ్ల అభ్యంతరాన్ని మినిట్స్‌లో యథాతథంగా రాశాం. మిగతా మేము ఒప్పుకున్నది ఎందుకంటే, ఆ అమ్మాయి పాట విన్నాం. సమావేశం గదిలో, మైకు లేకుండా, కిటికీ బయట పక్క షెడ్డులో మరమగ్గాలు ఆడుతుండగా పాడింది. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మగ్గాల చప్పుడు మీదుగా గొంతు మాత్రం వినపడింది. అది చిన్నప్పటి నుంచి ఆ చప్పుడులో పాడుకుంటూ పెరిగినందువల్లనేమో, చెప్పలేం. టీచర్లు చూసుకుంటారు.

ఇక పని సంగతి. వచ్చే ఏడాది నుంచి దరఖాస్తు ఫారంలో 'సంగీతం, నాటకం, చిత్రలేఖనం' అని ఒక గడి పెడుతున్నాం. ఆ గడి నింపేవాళ్లు మార్కుల జాబితాతో పాటు మూడు నిమిషాల రికార్డింగు, ఇప్పుడు నేర్పుతున్న టీచరు ఉత్తరం జతచేయాలి. రికార్డింగు ఫోన్లో తీసినా చాలు, ఎఫెక్టులు పెట్టకండి. తల్లి, తండ్రి ఇద్దరి సంతకం ఉండాలి, ఒక్కరిది ఉంటే తీసుకోం. ఫారాలు కింద ఆఫీసులో ఉన్నాయి, తెలుగులోనూ కన్నడంలోనూ. సందేహాలుంటే భోజనాల తర్వాత మా ఉపసంఘం సభ్యులు మెట్ల పక్క గదిలో ఉంటారు, పిల్లల్ని వెంటపెట్టుకుని రండి.